112కా, స్టేషన్‌కా? పోలీసులకు ఫోన్ చేసే ముందు

కొన్నేళ్ల క్రితం సంక్రాంతి సెలవుల్లో, రాత్రి ఒంటిగంట దాటిన తరువాత, మా ఎదురింటి కిటికీ వెనుక సన్నని టార్చి వెలుగు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి కదలడం మేడ మీది నుంచి చూశాను. ఆ ఇంటివాళ్లు భోగికి ముందురోజే ఊరికి వెళ్లారని నాకు తెలుసు. అయినా నేను చేసిన మొదటి ఫోన్ ఆ ఇంటాయనకు, ఆయన ఎత్తలేదు. రెండోది కాలనీ సంఘం అధ్యక్షుడికి. ఆయన నిద్రమత్తులో "వాళ్ల బావమరిది వచ్చాడేమో కనుక్కోండి" అన్నారు. మూడోది పోలీస్ స్టేషన్ ల్యాండ్‌లైన్‌కు. చాలాసేపు మోగాక ఎత్తిన వ్యక్తి, సిబ్బంది బందోబస్తులో ఉన్నారని, రాగానే పంపిస్తామని చెప్పారు. నాలుగోది 100కు. గస్తీ బండి ఎనిమిది నిమిషాల్లో వచ్చింది. కాని అప్పటికే దొంగలు వెనుక గోడ దూకి పోయారు. ఆ ఇంటావిడకు వాళ్లమ్మ పెట్టిన గాజులు మళ్లీ దొరకలేదు. మొదటి మూడు ఫోన్లకు పట్టిన ఇరవై నిమిషాలను ఇంకొకరు అలా పోగొట్టుకోకూడదని ఇది రాస్తున్నాను.

మనలో చాలామందికి రెండు అలవాట్లున్నాయి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు తెలిసిన ఎస్సై ఎవరైనా ఉన్నారా, సర్పంచ్‌తోనో వార్డు నాయకుడితోనో చెప్పిస్తే బాగుంటుందా అని వెతుకుతాం. పదో తరగతి మెమో పోతే మాత్రం నేరుగా 100 నొక్కుతాం. మొదటి అలవాటు వల్ల మనకు రావలసిన సహాయం ఆలస్యమవుతుంది. రెండో అలవాటు వల్ల మరెవరికో అందవలసిన లైను మన చేతిలో చిక్కుకుంటుంది.

వేసుకోవలసిన ప్రశ్న

నేరం ఎంత పెద్దదన్నది ఇక్కడ కొలత కాదు. పది లక్షల విలువైన నగలు పోయిన దొంగతనం వారం కిందటే జరిగి ఉండవచ్చు. ఐదువందల బాకీ కోసం మొదలైన కొట్లాట ఈ నిమిషంలో మీ కళ్ల ముందే కత్తుల దాకా వచ్చి ఉండవచ్చు. మనల్ని మనం అడగవలసింది ఒక్కటే: ఒక పోలీసు బండి ఇప్పటికిప్పుడు ఇక్కడికి వస్తే ఏమైనా మారుతుందా? ప్రాణం నిలుస్తుందనో, దెబ్బ తప్పుతుందనో, దొంగ దొరుకుతాడనో, తప్పిపోయిన పిల్ల కనబడుతుందనో జవాబు వస్తే ఇక ఆలోచించకుండా అత్యవసర నంబర్ 112కు చేయాలి. జరగవలసింది జరిగిపోయి, ఇక కాగితం మీద రాసి, విచారించి తేల్చవలసిన పనే మిగిలి ఉంటే అది స్టేషన్‌కు సంబంధించిన విషయం.

ఈ తేడాకు కారణం రెండు చోట్లా పని జరిగే తీరులోనే ఉంది. 112 దేశమంతటికీ ఒకటే అత్యవసర నంబర్. మహిళల భద్రతకోసం కేంద్రం పెట్టిన నిర్భయ నిధితో ఏర్పాటైన ఈ వ్యవస్థ తెలంగాణలోను, ఆంధ్రప్రదేశ్‌లోను పనిచేస్తోంది. పాత 100 నొక్కినా సహాయం అందుతుంది. ఆ ఫోన్ మీ వీధి స్టేషన్‌లో మోగదు. రాష్ట్ర స్థాయి కేంద్రంలో ఒకరు ఎత్తి, వివరాలు కంప్యూటర్‌లో నమోదు చేసి, మీకు దగ్గరలో ఉన్న పెట్రోలింగ్ వాహనానికో, మోటారు సైకిళ్ల మీద తిరిగే బ్లూకోల్ట్స్ సిబ్బందికో పంపిస్తారు. అంటే ఆ లైను మనిషిని కదిలించడానికి ఉన్నది. స్టేషన్ చేసే పని వేరు: ఫిర్యాదు తీసుకోవడం, ఎఫ్ఐఆర్ రాయడం, సాక్షులను విచారించడం. 112లో మాట్లాడేవారు మీ ఎఫ్ఐఆర్ రాయలేరు. స్టేషన్‌లో రాత్రిపూట ఉన్న ఒక్క కానిస్టేబుల్ కుర్చీ వదిలి మీ వీధికి పరుగెత్తలేరు.

వెంటనే 112కు చేయవలసినవి

ఎవరైనా ఎవరినైనా కొడుతుంటే, బెదిరిస్తుంటే, వెంబడిస్తుంటే. ఇంట్లో దొంగ ఉన్నాడని అనుమానం వస్తే. మెడలో గొలుసు లాక్కొని బండి మీద ఇప్పుడే పారిపోతే. రోడ్డు ప్రమాదంలో మనుషులు పడి ఉంటే. వీటి గురించి ఎవరికీ సందేహం ఉండదు. ప్రమాదమైతే అంబులెన్సుకు 108 కూడా నేరుగా పలుకుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైన ఆ నంబర్ మన పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. సాయం చేస్తే కేసులో ఇరుక్కుంటామేమో అన్న భయంతో పక్కనుంచి వెళ్లిపోయేవారికి ఒక మాట: 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఎ సెక్షన్, సద్బుద్ధితో ఆదుకున్నవారిని రక్షిస్తుంది. పేరు, చిరునామా చెప్పి తీరాలని మిమ్మల్ని ఎవరూ బలవంతపెట్టకూడదు.

సందేహం వచ్చేది చూడటానికి నెమ్మదిగా కనిపించే సందర్భాల్లోనే, అందుకే వాటి దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. పొలం గట్టు తగాదా సివిల్ వ్యవహారం, దాన్ని పోలీసులు తేల్చలేరు; హద్దులు తేల్చేది సర్వేయరు, కోర్టు. కాని అవతలివాళ్లు కర్రలు పట్టుకొని గట్టు మీదికి వచ్చారంటే అది ఇక భూమి తగాదా కాదు, అప్పుడు 112కు చేయాలి. పక్కింట్లో భర్త భార్యను కొడుతున్న చప్పుడు వినబడుతుంటే "అది వాళ్ల ఇంటి విషయం" అని తలుపు వేసుకోకండి. మీ పేరు చెప్పకపోయినా బండి పంపమని అడగవచ్చు. సలహా, ఆశ్రయం కావాలంటే 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది కాని, దెబ్బలు పడుతున్న నిమిషంలో కావలసింది ముందు గుమ్మం దగ్గరికి వచ్చే మనిషి.

పిల్లలు కనబడకపోతే, లేదా మతిమరుపు ఉన్న పెద్దాయన బయటికి వెళ్లి దారి తప్పితే, ఇరవైనాలుగు గంటలు ఆగాలన్న మాట ఇప్పటికీ వినబడుతూ ఉంటుంది. అటువంటి నియమం ఏ చట్టంలోనూ లేదు. పైగా మైనర్లు తప్పిపోయారని ఫిర్యాదు వస్తే ఎఫ్ఐఆర్ నమోదు చేసి దర్యాప్తు చేయాలని 2013లో బచ్‌పన్ బచావో ఆందోళన్ అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. బస్టాండు, రైల్వే స్టేషను ఇంకా దాటని మనిషిని వెతకడం ఒక పని, రాష్ట్రం దాటిన మనిషిని వెతకడం ఇంకొక పని. చుట్టాలందరికీ ఫోన్లు చేయడం ముగిశాక కాదు, ఒకరు చుట్టాలకు చేస్తుండగానే ఇంకొకరు 112కు చేయాలి.

"ఇక నేను ఉండను" అని ఎవరైనా మెసేజ్ పెట్టి ఫోన్ ఎత్తడం మానేస్తే కూడా 112కు చేయాలి. వారి నంబర్, చివరిసారి ఎక్కడ ఉన్నారో మీకు తెలిసినది చెప్పండి. ఇంకా మాట్లాడుతున్నారంటే మాట్లాడిస్తూ ఉండండి. మానసిక వేదనలో ఉన్నవారికోసం 14416 టెలిమానస్ లైను తెలుగులోనూ మాట్లాడుతుంది.

డబ్బు విషయంలో ఒక తిరకాసు

ఓటీపీ చెప్పేసి, లింకు నొక్కేసి, ఖాతాలోంచి డబ్బు పోగొట్టుకున్నవారు అది జరిగిపోయిన నేరమనుకుంటారు. మర్నాడు పొద్దున బ్యాంకుకు, మధ్యాహ్నం స్టేషన్‌కు వెళతారు. కాని ఆ నేరం ఇంకా జరుగుతూనే ఉంటుంది: మీ ఖాతాలోంచి వెళ్లిన సొమ్ము గంటలోపే మూడు నాలుగు ఖాతాలు మారి, ఎక్కడో ఏటీఎంలోంచి బయటికి వస్తుంది. అందుకే దీనికి 1930 అని ప్రత్యేక నంబర్ ఉంది. దానికి చేసి, పోయిన మొత్తం, సమయం, లావాదేవీ నంబర్, మీ బ్యాంకు పేరు చెబితే, డబ్బు చేరిన ఖాతాలో ఇంకా మిగిలి ఉన్నంత మేర నిలిపివేయడానికి బ్యాంకులకు సమాచారం వెళుతుంది. ఆ తరువాత జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు పూర్తిచేయాలి. సిగ్గుపడి ఇంట్లో చెప్పకుండా గడిపిన ప్రతి గంటా దొంగకే లాభం. పోలీసు దుస్తుల్లో వీడియో కాల్ చేసి "డిజిటల్ అరెస్ట్" అని ఎవరైనా బెదిరిస్తుంటే అటువంటి అరెస్టు చట్టంలో లేనే లేదు. ఆ కాల్ పెట్టేసి 1930కి చేయండి.

స్టేషన్‌కు వెళ్లవలసినవి

ఊరి నుంచి తిరిగి వచ్చేసరికి తాళం పగిలి ఉంది, దొంగ ఎప్పుడో వెళ్లిపోయాడు. ఇది పెద్ద నేరమే, కాని పరుగెత్తవలసినది కాదు. లోపల ఎవరూ లేరని పక్కాగా తెలిస్తే స్టేషన్‌కు ఫోన్ చేసి, బీరువా, తలుపు ముట్టుకోకుండా బయట కూర్చోండి. క్లూస్ టీమ్ వేలిముద్రలు తీసేదాకా ఇల్లు సర్దకండి. లోపల ఇంకా ఎవరైనా ఉన్నారేమోనన్న అనుమానం రవ్వంత ఉన్నా గడప దాటవద్దు, 112కు చేయండి.

సర్టిఫికెట్లు, పాస్‌బుక్కు పోవడం, చీటీల వ్యాపారి మోసం, అద్దెకు వచ్చినవారి వివరాలు ఇవ్వడం, పాస్‌పోర్టు విచారణ, వారం రోజులుగా వస్తున్న బెదిరింపు మెసేజులు: ఇవన్నీ పగటిపూట స్టేషన్‌కు వెళ్లి, రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోవలసినవి. ఫోన్ పోతే ఫిర్యాదు చేసి, ఆ ఫిర్యాదు నంబర్‌తో సంచార్ సాథీ వెబ్‌సైట్‌లోని సీఈఐఆర్ అనే, పోయిన ఫోన్ల విభాగంలో ఐఎంఈఐ నంబర్‌ను, అంటే ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్యను, బ్లాక్ చేయించవచ్చు. అది దేశమంతటా 2023 మే నుంచి అమలులో ఉంది. పండుగకు ఇల్లు తాళం వేసి వెళుతున్నప్పుడు ముందుగా స్టేషన్‌లో చెప్పి వెళ్లడం కూడా ఈ కోవలోదే. ఆంధ్రప్రదేశ్ పోలీసులు తాళం వేసిన ఇళ్ల నిఘాకు ఎల్‌హెచ్ఎంఎస్ అనే సేవను కూడా తెచ్చారు. మా ఎదురింటివాళ్లు ఆ సంక్రాంతికి ఒక్క మాట చెప్పి వెళ్లినా ఆ వీధి గస్తీ పుస్తకంలో ఆ ఇల్లు ఉండేది.

స్టేషన్‌కు వెళ్లినప్పుడు "ఇది మా పరిధి కాదు" అన్న మాట వినవలసి రావచ్చు. 2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలిపై జరిగిన దారుణంలో, ఆ రాత్రి ఫిర్యాదు నమోదులో ఆలస్యం జరిగిందన్న కారణంతో ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. ఇప్పుడు చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, కేసు నమోదు చేయదగిన నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చు. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటున్నాం. ఈమెయిల్ వంటి ఎలక్ట్రానిక్ మార్గంలో పంపినా చెల్లుతుంది, కాని మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి పోస్టులో పంపవచ్చు, అప్పటికీ కదలిక లేకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. అయితే మనిషి ప్రమాదంలో ఉన్న గంటల్లో ఈ మెట్లన్నీ ఎక్కుతూ కూర్చోకూడదు. స్టేషన్ మెట్ల మీద నిలబడే 112కు చేయండి. అలా చేసిన కాల్ సమయంతో సహా నమోదవుతుంది.

రెండింటికీ మధ్య ఉన్నవి

రాత్రి పదకొండు గంటలకు ఫంక్షన్ హాల్ ఆవరణలో డీజే మోగుతూ ఉంటుంది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లకు సాధారణంగా అనుమతి లేదని శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. నేనైతే ముందు స్టేషన్ నంబర్‌కు చేస్తాను. పది నిమిషాల్లో ఎవరూ కదలకపోతే 112కు చేయడం తప్పని అనుకోను, ఎందుకంటే ఆ శబ్దం ఆగాలంటే ఒక మనిషి వెళ్లి ఆపవలసిందే. గేటుకు అడ్డంగా పెట్టిన కారుకు ట్రాఫిక్ పోలీసులు చాలు, లోపలినుంచి రోగిని తీసుకెళ్లవలసి వస్తే తప్ప. కొత్త మనిషి వీధిలో తిరుగుతున్నాడన్నంత మాత్రాన ఎవరికీ ఫోన్ చేయనక్కరలేదు. కాని పిల్లలను ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని వాట్సాప్‌లో వచ్చిన పుకారును నమ్మి అమాయకుణ్ణి చుట్టుముట్టిన గుంపు కనబడితే, ఆ మనిషిని కాపాడటానికి వెంటనే 112కు చేయండి.

ఇంతా ఆలోచించాక కూడా తేలకపోతే 112కే చేయండి. సద్బుద్ధితో చేసిన కాల్ అత్యవసరం కాదని తేలితే అవతలివారు దారి చెబుతారు తప్ప శిక్షించరు. కావాలని అబద్ధపు సమాచారం ఇవ్వడం వేరు. దానికి పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 217వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, పదివేల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి.

ఫోన్‌లో ఏం చెప్పాలి

ముందు చోటు చెప్పాలి, తరువాతే సంగతి. లైను తెగిపోయినా చోటు తెలిస్తే బండి బయలుదేరుతుంది. "మా ఇంటి దగ్గర", "రామాలయం పక్కన" అంటే రాష్ట్ర కేంద్రంలో కూర్చున్నవారికి ఏమీ తెలియదు. కొత్తపల్లి, రామాపురం వంటి పేర్లతో రెండు రాష్ట్రాల్లోనూ ఎన్నో ఊళ్లున్నాయి కాబట్టి ఊరితోపాటు మండలం, జిల్లా చెప్పాలి. జాతీయ రహదారి మీద అయితే ఏ ఊరి నుంచి ఏ ఊరి వైపు వెళుతున్నారో, కిలోమీటరు రాయి మీద ఏముందో చెప్పాలి. హైదరాబాద్‌లో మెట్రో స్తంభాలకు, మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ వెళ్లే ఎక్స్‌ప్రెస్‌వే స్తంభాలకు నంబర్లున్నాయి. తెలియని వీధిలో కరెంటు స్తంభం మీది నంబర్, దుకాణం బోర్డు కూడా పనికొస్తాయి.

మాట ఇలా ఉంటే చాలు: "మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ వైపు వెళ్లే రోడ్డులో, ఎక్స్‌ప్రెస్‌వే కింద, ఫలానా నంబర్ పిల్లర్ దగ్గర ఉన్నాను. ఇద్దరు ఒకతన్ని రాడ్డుతో కొడుతున్నారు. తల పగిలి రక్తం కారుతోంది. వాళ్లది నల్ల బండి, నంబర్ చివర నాలుగంకెలు ఇవి." గొడవకు కారణం, ఎవరిది తప్పు, ముందు ఎవరు తిట్టారు అన్నవి వచ్చినవారితో చెప్పుకోవచ్చు. అడిగిన ప్రశ్నలకు జవాబిస్తూ, వాళ్లు పెట్టమనేదాకా ఫోన్ పెట్టకండి. పెట్టిన తరువాత తెలియని మొబైల్ నంబర్ నుంచి కాల్ వస్తే తప్పక ఎత్తండి. దారి కనుక్కోవడానికి గస్తీ సిబ్బంది తమ ఫోన్ నుంచే చేస్తారు. స్పామ్ అనుకొని కట్ చేసి, పోలీసులు రాలేదని బాధపడినవారిని నేను చూశాను.

మాట్లాడే వీలు లేనప్పుడు స్మార్ట్‌ఫోన్‌లో పవర్ బటన్‌ను వరుసగా మూడుసార్లు, బటన్ల ఫోన్‌లో 5ను గాని 9ను గాని కొంతసేపు నొక్కి పట్టుకుంటే 112కు కాల్ వెళ్లే ఏర్పాటు ఉంది. కొన్ని ఫోన్లలో పవర్ బటన్‌ను ఐదుసార్లు నొక్కవలసి ఉంటుంది కాబట్టి మీ ఫోన్ సెట్టింగుల్లో ముందే చూసుకోండి. తెలంగాణలో ఒంటరిగా ప్రయాణించే మహిళలు 100కు గాని 112కు గాని చేసి 8 నొక్కితే పోలీసుల టీసేఫ్ సేవ వారి ప్రయాణాన్ని గమనిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో మహిళల కోసం పోలీసుల శక్తి యాప్ ఉంది. రైల్లో ఉంటే 139.

వేరే రాష్ట్రంలో, వేరే దేశంలో ఉన్నవారు

హైదరాబాద్‌లో ఉన్న కొడుకు గుంటూరులోని తల్లి కోసం 112కు చేస్తే ఆ కాల్ తెలంగాణ కేంద్రానికి వెళుతుంది. డాలస్ నుంచి అయితే ఇండియా కోడ్ కలిపి 112 నొక్కినా ఎవరూ ఎత్తరు, చిన్న నంబర్లు దేశం దాటి పనిచేయవు. కాబట్టి తల్లిదండ్రులు ఉండే ఊరి స్టేషన్ పూర్తి నంబర్, జిల్లా కంట్రోల్ రూమ్ నంబర్ ముందే ఫోన్‌లో పెట్టుకోండి. స్టేషన్ ఎస్‌హెచ్‌ఓకు, అంటే ఆ స్టేషన్ బాధ్యత చూసే అధికారికి, ప్రభుత్వం ఇచ్చే మొబైల్ నంబర్ సాధారణంగా అధికారి మారినా ఆ పదవితోనే ఉంటుంది. అన్నిటికంటే త్వరగా పనిచేసేది పక్కింటివారి నంబర్. వారిచేత అక్కడినుంచే 112కు చేయించవచ్చు.

అమెరికాలో ఈ రెండు రకాల లైన్లు పూర్తిగా వేరు. ప్రాణాపాయానికి 911, మిగతావాటికి ప్రతి నగర పోలీసు శాఖకూ పదంకెల నాన్ ఎమర్జెన్సీ నంబర్ ఉంటుంది, న్యూయార్క్, షికాగో వంటి చోట్ల నగర సేవలకు 311 ఉంది. ఇండియాకు చేయబోయి 911 నొక్కితే కంగారుపడి పెట్టేయకండి. పొరపాటున చేశానని చెప్పండి, లేకపోతే వాళ్లు ఏదో జరిగిందనుకొని తిరిగి చేస్తారు, ఇంటికి మనిషిని కూడా పంపవచ్చు. ఇంగ్లిష్ రాని అమ్మానాన్నలు మీ దగ్గరికి వచ్చినప్పుడు, 911లో "తెలుగు" అన్న ఒక్క మాట చెప్పి లైనులో ఉండమని నేర్పండి. చాలా కేంద్రాలు ఫోన్‌లోనే దుబాసీని కలుపుతాయి. బ్రిటన్‌లో అత్యవసరానికి 999, మిగతా పోలీసు పనులకు 101. అక్కడికి చదువుకోవడానికి వెళ్లే పిల్లలు దీన్ని గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే మన దగ్గర 101 అగ్నిమాపక కేంద్రం. బ్రిటన్‌లో మొబైల్ నుంచి 999కు చేసి మాట్లాడలేకపోతే, అడిగినప్పుడు 55 నొక్కితే కాల్ పోలీసులకు చేరుతుంది. ఆస్ట్రేలియాలో అత్యవసరానికి 000, మిగతా పోలీసు పనులకు 131 444.

ఈ నంబర్లన్నీ ఎవరికీ కంఠతా ఉండవు. 112, 1930, మీ స్టేషన్ నంబర్, పక్కింటివారి నంబర్ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి గోడ క్యాలెండర్ పక్కన అతికించండి. దాని కిందనే ఇంటి నంబర్, వీధి, మండలంతో సహా మీ సొంత చిరునామా కూడా రాయండి. ఆ రాత్రి ఇంట్లో ఉన్నది చుట్టపుచూపుగా వచ్చిన పెద్దమ్మే కావచ్చు, ఫోన్‌లో ఆమెను మొదట అడిగేది అదే.